డీజిల్ కంపు నీళ్లు, నా రిపోర్టు

ఎం.ఏ.లో నేను ఒక అమెరికన్ ఆర్థికవేత్త మీద వ్యాసం రాశాను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి పొలం కూలీలు పని ఆపి గొడవకు దిగితే, కారణం కనుక్కోమని ప్రభుత్వం ఆయన్ను పంపిందట. ఆయన కూలీల గుడారాలకే వెళ్లాడు. తాగే నీళ్లు చూశాడు, ఒక్కొక్కరి కథ అడిగి రాసుకున్నాడు. తప్పు కూలీలది కాదు, వాళ్లను ఉంచిన తీరుదని తేల్చాడు. చిన్న వయసులోనే పోయాడు. ఆయనంటే నాకు పిచ్చి. ఆ పిచ్చితోనే కొంపలు ముంచాను.

డెబ్బైలలో ఒమన్‌లో, అల్ సువైక్ దగ్గర రోడ్డు వేసే కంపెనీలో క్యాంప్ క్లర్కుగా ఉండేవాణ్ణి. కూలీలంతా మా కరీంనగర్ వైపు వాళ్లే. తాగే నీళ్లు డీజిల్ మోసిన ట్యాంకర్‌లోనే వచ్చేవి. చాయ్‌లో కూడా అదే కంపు. కడుపులు చెడి, ఒక పొద్దున ఎవరూ డ్యూటీకి కదల్లేదు. ఎందుకు ఆగారో రిపోర్టు రాయమని మేనేజర్ నాకు చెప్పాడు.

ఎగిరి గంతేశాను. మూడు రోజులు రూమ్ రూమ్ తిరిగి, మంచాల మీద కూర్చుని, ఎవరేమన్నారో పేర్లతో సహా రాశాను. పేరు లేని మాట ఎవరు నమ్ముతారు? మొదట ఎవరూ నోరు విప్పలేదు. ఒక మేస్త్రీ ముందుకొచ్చాడు. ఊళ్లో ఇంటి గోడలు లేచాయట, కప్పు వేసేదాకా ఈ పని పోకూడదని భయపడుతూనే అంతా చెప్పాడు. పని ఆపుదామని మొదట అన్నది తానేనని కూడా చెప్పాడు. అదీ రాశాను. నా తెలివి తగలెయ్య! ఆ ఆర్థికవేత్తను పంపింది ప్రభుత్వం, నన్ను పంపింది కంపెనీ. ఇంత చదివినవాడికి ఆ సంగతి తట్టలేదు.

చాలా బాగా రాశావని మేనేజర్ మెచ్చుకున్నాడు. వారంలో కొత్త ట్యాంకర్ వచ్చింది. ఆ రోజే ఆరుగురికి పాస్‌పోర్టులు చేతికిచ్చి ఇంటికి పొమ్మన్నారు. ఆరు పేర్లూ నా రిపోర్టులోవే. మొదటిది మేస్త్రీది. వాళ్లను ఆపమని మేనేజర్‌ను బతిమాలితే, నేను రాసిన కాగితాలే నా ముందుకు తోశాడు.

మేస్త్రీ బండి ఎక్కబోతుంటే వెళ్లి, ఇలా అవుతుందని అనుకోలేదని ఏడ్చాను. నాలుగు తిట్టినా బాగుండేది.

"నీళ్లయితే మంచిగైనయి గద సారూ," అన్నాడు. "మీరు తాగుండ్రి."

ఇంకో నాలుగేళ్లు అక్కడే ఉద్యోగం చేసి, ఆ నీళ్లే తాగాను.