పిట్టలకు పిలుపు, రిబ్బన్ల కాపలా

పిట్టలను విందుకు పిలిచి, వచ్చినవాటిని నేనే తరిమికొట్టి, బాపు కందిచేనును పురుగులకు అప్పజెప్పబోయిన ఘనుణ్ణి నేను. మొహమాటపడకుండా నవ్వండి, మా ఊరు ఎప్పుడో నవ్వేసింది.

తెలంగాణ వచ్చిన కొత్త. నా డిగ్రీ అప్పుడే అయిపోయింది. ఆ ఏడు మా ఇంటికి ఆ కంది ఒక్కటే ఆధారం. పూత మీద పచ్చపురుగు కనబడగానే బాపు మందుడబ్బా కోసం నార్కట్‌పల్లి బయల్దేరాడు. నేను అడ్డం పడ్డాను.

"మందెందుకే బాపూ? వేపగింజల కషాయం కొడదాం. కర్రలు పాతి, పసుపన్నం చల్లితే పిట్టలొచ్చి పురుగుల్ని ఏరుకతింటయి. రైతుల మీటింగుల చెప్పిన్రు."

"పిట్టలు నీ చుట్టాలారా, పిలవంగనే రానీకి?"

"జర నమ్మరాదే!"

"సరే. పంట పోయిందనుకో, చేన్ల దిష్టిబొమ్మ లెక్క నిన్నే నిలబెడ్త."

కషాయం కొట్టాను. చేతికంటిన వేపతో నా అన్నం కూడా సాయంత్రం దాకా చేదే. కర్రలు పాతాను, అమ్మ పసుపుడబ్బా ఖాళీ చేసి అన్నం చల్లాను. ఇంతలో బాపును కన్న మా అవ్వ వచ్చింది. చేను చుట్టూ ఉన్న జొన్నసాళ్లు ఆమెవి. రొట్టె లేనిదే ఆమెకు పూట గడవదు.

"బిడ్డా, కంకులు పాలు పట్టినయ్. పిట్టలు పడ్తయేమో, జర చూడు."

అవ్వ మాట కాదంటానా? జొన్నల పొడుగునా మెరిసే రిబ్బన్లు కట్టాను. స్టీలు పళ్లెం వాయిస్తూ "హోయ్! హోయ్!" అని గట్టుమీద తిరిగాను. పిట్ట లేదు గానీ కూత ఘనం! పురుగులు మాత్రం నిశ్చింతగా బలిశాయి. పసుపు తక్కువైందేమోనని ఇంకో దోసెడు కలిపాను.

పక్క చేను మల్లయ్య మామ వచ్చాడు. "ఏందల్లుడూ, జాతర చేస్తున్నవా?"

"పిట్టలను పిలుస్తున్న మామా."

ఆయన పసుపన్నం చూశాడు, రిబ్బన్లు చూశాడు, నా చేతిలో పళ్లెం చూశాడు. "ఓరి నీ తలకాయ! చుట్టాలను బువ్వకు పిలిచి, దర్వాజల కుక్కను కట్టేసినవ్ గదరా!"

బాపు తిడతాడనుకున్నాను. తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, గట్టుమీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు ప్రాణం.

రిబ్బన్లు విప్పేశాం. చెట్ల కింద పాతచీరలు పరిచి మొక్కలు దులిపితే రాలిన పురుగులు మా కోళ్లకు పండుగయ్యాయి. బాగా ముదిరిన మూలకు మాత్రం బాపు మందు కొట్టాడు. ఆనక పిట్టలు రానే వచ్చాయి. పసులపోలిగాళ్లు, అవే తోక చీలిన నల్లపిట్టలు, కర్రల మీద కూర్చుని పురుగుల్ని ఏరేశాయి, కంది దక్కింది. వాటి వెంట వచ్చిన చిలుకలు, పిచ్చుకలు జొన్నలను ఊడ్చేశాయి. రొట్టె విరిగి పిట్టల నోట్లో పడింది!

"పురుగులు తినమంటె నా రొట్టెలు తిన్నయి గదరా!" అని ఏడాదంతా అన్నం ముద్ద ముద్దకీ నన్ను తిట్టింది అవ్వ.

ఆమె రొట్టెపెనం మీద ఒట్టు: ఇక జన్మలో పిట్టలను పిలిచి పళ్లెం కొట్టను. ముందు అవ్వ వాటా కంకులు కోసి ఇంట్లో పెట్టాకే పిలుస్తాను. ఇప్పుడు తినడానికి అవ్వ లేకపోయినా సరే.