బోధన్ దారిని నేనే మూసిన రోజు

మొన్న ఇంట్లో ఇంటర్నెట్ ఆగితే మా కోడలు ఆ నెట్ డబ్బా స్విచ్చిని వరుసగా నాలుగుసార్లు తీసి వేస్తుంటే, ముట్టకమ్మా అని అరిచాను. పాపం, ఆ పిల్లకేం తెలుసు, నా భయం పాతికేళ్ల నాటిది.

బడి మొహం చూడని నాకు ఇంట్లోనే బాపు అక్షరాలూ, అన్న కంప్యూటరూ నేర్పారు. ప్రభువు దయవల్ల నిజామాబాద్‌లో చుట్టుపక్కల ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆఫీసులో పని దొరికింది. వానాకాలం వస్తే బోధన్ లైను పడుతూ లేస్తూ ఉండేది. పడ్డప్పుడల్లా దారి పోయిందనీ, లేచినప్పుడల్లా వచ్చిందనీ, దారులు చూపే మా రౌటర్ యంత్రం అందరికీ చాటుతూ మిగతా లైన్లనూ తడబడేలా చేసేది. దానికి మందు డ్యాంపింగ్ అనే కట్టడి. పడ్డ ప్రతిసారీ ఆ దారిమీద కొంత శిక్ష జమవుతుంది, హద్దు దాటితే రౌటర్ దాన్ని పక్కన పెడుతుంది, తీగ బాగున్నా ఆ ఊరికి నెట్ అందదు, నిలకడగా ఉంటే శిక్ష మెల్లగా కరిగి మళ్లీ చేర్చుకుంటుంది. హైదరాబాద్‌లో ఇదే పని చేసే అన్న అంకెలన్నీ చెప్పాడు. నేనే, మళ్లీ లైన్లు తడబడితే తిడతారన్న భయంతో హద్దు తగ్గించి, కరిగే సమయం పెంచేశాను.

మరునాడు మధ్యాహ్నం బోధన్ మూగబోయింది. అక్కడ నెట్ సెంటర్ నడిపే, వరసకు అక్కయ్యే ఆవిడ ఫోన్ చేసింది.

“ఏమైందే? లైటు మంచిగనే వెలుగుతుంది, ఒక్క పేజీ తెరుసుకుంటలేదు. మోస్రా నుంచి పిల్ల వచ్చింది, నర్సింగు ఫారం ఐదింటికి బందైతదట, ఒకటే ఏడుపు.”

కంగారులో తీగ పీకి పెట్టమన్నాను. కాలేదు. మళ్లీ పీకమన్నాను, మళ్లీ. నాలుగు దాటింది. ఆ పిల్ల ఏడాది నా చేతుల్లో పోతుందేమోనన్న భయంతో ప్రార్థన కూడా సగంలో ఆగిపోయేది. చివరికి సిగ్గు విడిచి అన్నకు ఫోన్ చేశాను.

“ఎన్నిసార్లు పీకించినవ్?”

“ఐదు.”

“నీ తెలివి సల్లగుండ! పీకినప్పుడల్లా శిక్ష పెరుగుతది గదనే. ముందుగాల చెయ్యి తియ్యి.”

తర్వాత, పేరుకున్న శిక్షనంతా తుడిచేసే కమాండును అక్షరం అక్షరం చెప్పాడు. అలాగే కొట్టి, అక్కకు ఫోన్ చేసి చూడమన్నాను. “తెరుసుకుంది పో!” అని అక్క అరిచింది. ఐదుకు పది నిమిషాలుండగా ఫారం వెళ్లింది. బల్లమీద తల వాల్చి స్తోత్రం చెప్పుకుని, అన్న చెప్పిన అంకెలే పెట్టాను.

ఇప్పుడు తీగలు గట్టివి. ఆ కట్టడి వల్ల మేలుకన్నా కీడే ఎక్కువని చాలాచోట్ల తీసేశారట, మంచిదే. కానీ లైను పోతే ఇప్పుడు ఫోన్‌లో యంత్రపు గొంతు ఒకటి నొక్కమనీ రెండు నొక్కమనీ చెబుతుంది, అవతల ఎవరు ఏడుస్తున్నారో ఇవతలివాళ్లకు తెలియదు. ఆ పిల్ల పేరైనా నేను అడగలేదు. ఏ ఆసుపత్రిలో ఎవరి నాడి పట్టుకుని ఉందో గానీ, ఆమెకోసం అంతగా భయపడనిచ్చినందుకు దేవునికి ఇప్పటికీ వందనాలు చెప్పుకుంటాను.