గాడ బ్రేకు లేదు

నాకు లారీ నడపడం వచ్చా రాదా అంటే ఇప్పటికీ తేల్చి చెప్పలేను. లైసెన్సు మాత్రం జేబులో ఉంది.

మహబూబాబాద్ పక్కన మా తండాలో ఏళ్ల తరబడి ట్రాక్టర్ నడిపాను. వడ్లు నింపిన ట్రాలీతో వాగులోకి దిగాలంటే ఒడ్డు మీదే గేరు తగ్గించుకుంటాం. ట్రాలీకి బ్రేకులుండవు మరి. అది మాకు ఎవరూ నేర్పరు, ఒకరిని చూసి ఒకరికి వచ్చేస్తుంది. పంట పనులు అయిపోతే ట్రాక్టర్ షెడ్డెక్కుతుంది, నేను మంచమెక్కుతాను. భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్లకు డ్రైవర్లు కావాలని తెలిసినప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఆ పని దొరికితే నా భార్య పత్తి ఏరడానికి పరాయి ఊళ్లు పట్టుకు తిరగక్కర్లేదు.

జనగామలో ట్రైనింగ్ స్కూల్లో చేరాను. ఊరి బయట చదునైన మైదానం, వెనక ఇటుక ముక్క కూడా లేని ఖాళీ లారీ. నేర్పే సారు ఎడమవైపు కూర్చునేవాడు. ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉండేవి. మైదానం దాటి రోడ్డెక్కాక కాస్త పల్లం కనబడితే చాలు, నా చెయ్యి గేరు మీదికి పోయేది. ఆయనకు ఒళ్లు మండేది.

"గిది ట్రాక్టర్ కాదు తమ్మీ. బ్రేకు ఎందుకున్నట్టు?"

క్యాబిన్‌లో వెనక కూర్చున్న, నాతోపాటు నేర్చుకునేవాళ్లు నవ్వేవారు. సిగ్గేసి ఆ అలవాటు మానుకున్నాను. కొన్నాళ్లకు నేను ఇలా తొక్కితే బండి అలా ఆగేది. నా మీద నాకే ముచ్చటేసింది. అద్దాలు చూడటం, వెనక్కి తీయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆ మాట కాదనను.

భూపాలపల్లిలో టిప్పర్ల యజమాని ఒక ట్రిప్పు చూసి చెప్తానన్నాడు. పాత డ్రైవర్ని, అందరూ ఉస్తాద్ అని పిలిచే ఆయన్ని, నా పక్కన కూర్చోబెట్టాడు. బొగ్గు నిండిన టిప్పర్ కదలడమే వేరుగా ఉంది. కొంతదూరం పోయాక పల్లం వచ్చింది. బ్రేకు తొక్కాను. బండి తగ్గాల్సినంత తగ్గలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. కింద మలుపులో మేకల మంద రోడ్డు దాటుతోంది. నా చూపు దానంతటదే ఉస్తాద్ కాళ్ల మీదికి పోయింది. ఆయన సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అటేం చూస్తున్నవ్? గాడ బ్రేకు లేదు."

జనగామలో అన్నాళ్లూ బండిని ఆపింది నేనా, తన వైపు బ్రేకు తొక్కిన సారా? ఆ అనుమానం సరిగ్గా ఆ పల్లంలోనే రావాలా! చెయ్యి మాత్రం నన్ను అడక్కుండా గేరు తగ్గించింది. ఇంజను మూలిగింది, బండి నెమ్మదించింది. మేకలు తాపీగా దాటిపోయాయి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పల్లంలోకి దిగకముందే గేరు తగ్గించాలని తెలియదా అని ఉస్తాద్ కసిరాడు. తెలిసినదాన్ని మర్చిపోవడానికే జనగామ దాకా వెళ్లొచ్చానని ఎట్లా చెప్పేది?

తిరిగొచ్చాక ఉస్తాద్ నేను నడపగలనని యజమానితో చెప్పి, తాళంచెవి నా చేతికిచ్చాడు. రేపటి నుంచి ఒక్కణ్ణే పోవాలట. నేను దేనికోసం వచ్చానో అదే చేతిలోకి వచ్చింది. అయినా తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను.

"అన్నా, ఇంకొన్ని దినాలు నా పక్కన కూసో. నాకు ఏమొచ్చో ఏం రాదో నాకే తెలుస్తలేదు."

నేర్పుకుంటూ కూర్చునే తీరిక తనకు లేదని చెప్పి యజమాని అప్పుడే ఇంకో డ్రైవర్‌కి ఫోన్ చేశాడు. నేను చేసింది మంచి పనో, తెలివితక్కువ పనో బస్టాండు దాకా తేలలేదు.

అక్కణ్ణించి ఇంటికి ఫోన్ చేసి నా భార్యకు మా లంబాడీ భాషలో ఉన్నదున్నట్టు చెప్పాను. పని పోయిందని తిడుతుందనుకున్నాను. ఆ ఊసే ఎత్తలేదు. ఆ మేకలను కాస్తూ వెనకాల ఎవరున్నారని అడిగింది. ఎవరో ఒకరు ఉండే ఉంటారు. నేను చూడలేదు.