క్యాంపర్ కొనబోయే అంకుల్

మా ఇంట్లో నలుగురమే ఉంటామని చూసినవాళ్లంతా అనుకుంటారు. నిజానికి ఐదోవాడు ఒకడున్నాడు. అతన్ని మేమెవరమూ చూడలేదు. అతనికి గోడల మీద మేకులు గిట్టవు, కార్పెట్ మీద పసుపు మరకలు గిట్టవు, చేపల వేపుడు వాసన అసలే గిట్టదు. తెల్ల కారంటే ఇష్టం. బూడిదరంగు గోడలంటే ప్రాణం. ఎప్పుడో ఒకరోజు మా ఇల్లో, మా కారో, మా సోఫానో కొనుక్కోడానికి వస్తాడు. వచ్చినప్పుడు మొహం చిట్లించకూడదు. అందుకని అమెరికాలో నోవై అనే ఊళ్లో ఈ ఇల్లు కొన్న తొమ్మిదేళ్ల నుంచీ ఇందులో మాకంటే అతనే సుఖంగా ఉంటున్నాడు. పిల్లలు అతనికి నెక్స్ట్ అంకుల్ అని పేరు పెట్టారు.

ఈ జబ్బు నాకు ఊరికే రాలేదు. హెచ్‌వన్‌బీ వీసా మీద వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒక సీనియర్ నన్ను పక్కకి పిలిచి, "ఏది కొన్నా వారంలో అమ్ముకోగలిగేదే కొను. ఉద్యోగం పోతే సర్దుకునే టైముండదు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేనా మాట పట్టుకుని పదహారేళ్లు వేలాడాను. ఈ మధ్యలో పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇల్లు కొన్నాం, గ్రీన్‌కార్డు మాత్రం ఇంకా లైన్లోనే ఉంది. లైన్లో ఉన్నవాడు సామాను కిందపెట్టడు కదా. నేనూ అంతే.

కాబట్టి మా పెళ్లిఫోటో తొమ్మిదేళ్లుగా గోడకి ఆనించి నేలమీదే ఉంది. మేకు కొట్టనివ్వను. సోఫా మీద దుప్పటి, దుప్పటి మీద ఇంకో దుప్పటి. చేపలు వేయించాలంటే గరాజ్‌లోనే. జనవరిలో, బయట మోకాలి లోతు మంచు ఉన్నప్పుడు, వంటకి ముందు స్నో బూట్లు, జాకెట్టు, మంకీ క్యాప్ వేసుకునే ఇల్లాలు అమెరికా మొత్తానికి మా ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఒకసారి సగం ఎత్తిన గరాజ్ తలుపు కిందనుంచి పొగ రావడం చూసి ఎదురింటి తెల్లాయన మంటలార్పే సిలిండర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మా ఆవిడ ఆయన చేతిలో రెండు చేపముక్కలు పెట్టి పంపింది. నెక్స్ట్ అంకుల్ మీద ఉన్న కోపమంతా కారంగా మారి ఆ ముక్కలకి పట్టి ఉంటుంది, ఆయన వీధి దాటేలోపే రెండుసార్లు ఆగాడు.

మా వాడికి ఏడేళ్లు. వాడు నెక్స్ట్ అంకుల్ నిజంగానే వస్తాడని నమ్మేవాడు. "నాన్నా, ఆయన డిన్నర్‌కి కూడా ఉంటాడా?" అని అడిగేవాడు. ఈ ఏడాది ఆరునెలలుండడానికి వచ్చిన మా అమ్మ, పొద్దస్తమానం అంకుల్ ఏమనుకుంటాడో, అంకుల్ కోప్పడతాడు అని వినీ వినీ, ఈయనెవరో ఇంటి ఓనరు కాబోలనుకుంది. సున్నుండలు చేసినప్పుడు నాలుగు తీసి విడిగా డబ్బాలో పెట్టి, "ఇంతకీ ఆయనకి పెళ్లయిందా?" అంది. లేదమ్మా, అలాంటివాడెవడూ లేడు అంటే, పాపం అని ఇంకో రెండు వేసింది.

ఇలాంటి ఇంట్లో మా అమ్మాయికి తొమ్మిదేళ్ల వయసులో క్యాంపర్ మీద మనసైంది. క్యాంపరంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు. క్లాస్‌మేట్ వాళ్ల కుటుంబంతో లేక్ దగ్గరకెళ్లి రెండ్రోజులు అందులో ఉండి వచ్చింది. వచ్చీరావడంతోనే బూట్లయినా విప్పకుండా మొదలెట్టింది. "నాన్నా, ఎవ్రీథింగ్ చిన్నగా ఉంది! టేబుల్ మడిస్తే బెడ్ అయింది. అందరూ ఒకే రూమ్‌లో పడుకున్నారు. వాళ్ల డాడీ గురక పెట్టాడు, అందరం నవ్వాం. మనం కూడా కొందాం నాన్నా. ప్లీజ్?"

నేను "చూద్దాం" అన్నాను.

నేను మాట తప్పలేదు. చూశాను. నాలుగేళ్లు చూశాను. ఎక్సెల్ షీటు తెరిచి అరవై క్యాంపర్లు ఎక్కించాను. బరువెంత, మా బండి లాగగలదా, పైకప్పు కారుతుందా, ఐదేళ్ల తర్వాత ఎవడైనా కొంటాడా. ఈ చివరి కాలమ్‌కి పసుపు రంగు వేశాను. మా ఆవిడ ఒకరోజు భుజం మీంచి తొంగి చూసి, "పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంతసేపు చూళ్లేదు కదండీ మీరు" అంది. ఆ కాలమ్ నీకు వర్తించదు కదా అనబోయి, ప్రాణం మీద తీపి ఉండి ఊరుకున్నాను.

ఏటా చలికాలంలో దగ్గర్లోనే క్యాంపర్ల ప్రదర్శన పెడతారు. పెద్ద హాల్లో వరసగా వందల బళ్లు, ఓ మూల పడవలు, ఎక్కి చూడొచ్చు, పాప్‌కార్న్ ఫ్రీ. మేం ఎక్కిన ప్రతి క్యాంపర్‌కీ గడప దగ్గర బూట్లు విప్పాం. కొత్త కార్పెట్, ఎవరిదో సొత్తు, బూట్లతో ఎలా తొక్కుతాం? మా వెనకొచ్చిన తెల్లవాళ్లు అది రూలేమో అనుకుని వాళ్లూ విప్పారు. వాళ్లని చూసి వాళ్ల వెనకవాళ్లు విప్పారు. కాసేపటికి ఆ మెట్ల దగ్గర ముప్పై జతల స్నో బూట్లు చేరాయి, సేల్స్‌మాన్ తల పట్టుకున్నాడు. నేనతన్ని, "ఇది అమ్మేటప్పుడు విలువ ఎంత నిలుస్తుంది?" అని అడిగాను. "ముందు కొనండి సార్" అన్నాడు. మరుసటి ఏడాది నన్ను దూరం నుంచే గుర్తుపట్టి పడవల వైపు వెళ్లిపోయాడు.

మొదటి ఏడాది మా అమ్మాయి ప్రతి క్యాంపర్‌లోనూ తన పడక ఏదో చూసుకుంది. పైదే కావాలంది. తమ్ముడికి కిందది, అమ్మకి టేబుల్ మడిచేది, నాకు తలుపు పక్కది, ఎలుగుబంటి వస్తే ముందు నన్ను తినేలా. రెండో ఏడాది నోట్‌బుక్ పట్టుకొచ్చి బొమ్మలు వేసుకుంది. మూడో ఏడాది పాప్‌కార్న్ దగ్గరే ఫోన్ చూస్తూ కూచుంది. నాలుగో ఏడాది, అంటే మొన్న చలికాలం, "మీరు వెళ్లి రండి" అంది.

హమ్మయ్య, పోరు తప్పింది అనుకున్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మా ఆవిడ మాత్రం బూట్లు తొడుక్కుంటూ ఆగి, "అడగడం మానేసిందండీ, గమనించారా? ఇంకో నాలుగేళ్లు పోతే ఇంట్లోనే ఉండదు. మీరు ఎవరి కోసం కొంటారో మరి" అంది. ఆ రోజు ప్రదర్శనలో పాప్‌కార్న్ నాకు సయించలేదు. నాకు నిజంగానే భయమేసింది. ఉద్యోగం పోతుందని పడే భయం నాకు అలవాటే, దానితో పదహారేళ్ల స్నేహం. ఇది కొత్తది.

మే నెలలో ఒక ప్రకటన కనిపించింది. గంట దూరంలో ఒక ముసలి దంపతులు పాత క్యాంపర్ అమ్ముతున్నారు. శనివారం పొద్దున్నే అందర్నీ వ్యాన్ ఎక్కించాను. మా అమ్మని ఒక్కదాన్నీ ఇంట్లో వదల్లేక ఆవిడనీ ఎక్కించాను. మా అమ్మాయిని ఎక్కించడానికి మాత్రం దార్లో డోనట్ల లంచం పెట్టాల్సి వచ్చింది.

క్యాంపర్ వాళ్ల పెరట్లో ఉంది. పెద్దాయన మితభాషి, టోపీ సర్దుకుని తలూపాడు. పెద్దావిడ అందరికీ నిమ్మరసం ఇచ్చింది. నేను తెచ్చుకున్న టార్చి, అయస్కాంతం, తేమ కొలిచే మీటరు తీసి పని మొదలెట్టాను. చక్రాల కిందకి దూరాను. ఈలోపు మా అమ్మ లోపలికెళ్లి, "అచ్చం రైలు బెర్తులాగే ఉందిరా" అని కింది పడక మీద హాయిగా మేను వాల్చింది. తర్వాత లేచి ఒక తలుపు తీసి, "ఓరి నాయనో, పొయ్యి పక్కనే లెట్రినా?" అని కేకేసింది. మీ అమ్మ ఏమంటోందని పెద్దావిడ అడిగితే, వంటగది చాలా నచ్చిందట అని చెప్పాను.

ఇక బేరం. బేరంలో మా పద్ధతి తెలిసిందే, ముందు వస్తువుని బాగా తిట్టాలి. టేబుల్ మీద గుండ్రంగా నల్లటి మరక ఉంది. "ఇది కాలింది" అన్నాను విచారంగా. పెద్దావిడ మొహం వెలిగిపోయింది. "ఓ, అదా! తలుపు దగ్గరకి రకూన్ వచ్చింది. ఈయన పెనంతో దాన్ని అదిలించబోయి, తనే బెదిరి పెనం టేబుల్ మీద పడేశాడు. అది పాన్‌కేక్ తీసుకుని వెళ్లిపోయింది" అంది. రకూనంటే ఇక్కడ తిండి దొంగిలించే, పిల్లి కంటే కాస్త పెద్దగా ఉండే అడవి జంతువు. నేను తగ్గలేదు. పైకప్పు మీద అంటించిన నక్షత్రాల స్టిక్కర్లు చూపించి, ఇవి ఊడదీస్తే రంగు పోతుందన్నాను. అవి అంటించిన రాత్రి వాన పడితే పిల్లలు వాటినే లెక్కపెట్టుకుంటూ నిద్రపోయారట. విరిగిన గొళ్లెం చూపించాను. దానికీ ఒక కథుంది, అందులో తాతగారూ తేనెటీగలూ ఉన్నారు. నేను లోపం చూపించడం, ఆవిడ ఆల్బమ్‌లో పేజీ తిప్పినట్టు కథ చెప్పడం. కాసేపటికి ఆవిడే నా చెయ్యి పట్టుకుని, "ఇది చూడలేదు నువ్వు" అంటూ నేను కనిపెట్టని లోపాలు కూడా చూపించింది.

మా వాడు కాసేపట్నుంచి నన్నే చూస్తున్నాడు. పాత సామాను కొనడానికి వచ్చి మొహం చిట్లిస్తున్న మనిషి. ఉన్నట్టుండి గట్టిగా అరిచాడు. "నాన్నా! యూ ఆర్ ద నెక్స్ట్ అంకుల్!"

మా ఆవిడ నిమ్మరసం పొలమారి దగ్గుతూ బయటికి పోయింది. "వాడేమంటున్నాడ్రా?" అంది మా అమ్మ. ఆ అంకుల్ నేనేనట అన్నాను. ఆవిడ నన్ను పైకీ కిందకీ చూసి, "మరి పెళ్లి కాలేదన్నావు?" అంది.

నేను ఆ పడక మీద కూలబడ్డాను. పదహారేళ్లుగా నేను ఎవరికి భయపడి బతికానో వాడు ఇంత చవట అని తెలియదు నాకు. వాడికి ఆ కాలిన మరక చూస్తే కోపం రాలేదు. రకూన్ తర్వాత మళ్లీ వచ్చిందా అని అడగాలనిపించింది. అడిగాను కూడా. రెండుసార్లు వచ్చిందట.

అప్పుడు తలుపు చట్రం మీద గీతలు కనిపించాయి. పెన్సిలు గీతలు, ఒకదానిమీద ఒకటి, మెట్లెక్కినట్టు. పక్కన అంకెలు. నాలుగు, ఐదు, ఆరు. ఇద్దరు పిల్లలవి. చూపించి మళ్లీ విచారంగా మొహం పెట్టబోయాను, అలవాటు ఒక్కరోజులో పోదు కదా. పెద్దావిడ ఈసారి నవ్వలేదు. "తుడిచేద్దామనుకున్నాం. చేతులు రాలేదు" అంది. పిల్లలు పెద్దవాళ్లై ఎక్కడో దూరాన ఉంటున్నారట.

పై గీత పక్కన పన్నెండు అని ఉంది. ఆ పైన ఏమీ లేదు. తర్వాతేమైందని అడిగాను.

"తర్వాత రాలేదు" అన్నాడు పెద్దాయన. అంతసేపట్లో ఆయన పలికిన మొదటి మాట అదే. "ఆటలు, స్నేహితులు, వేసవి ఉద్యోగాలు. మేమిద్దరం చాలా ఏళ్లు వెళ్లాం. కొలవడానికి ఎవరూ లేరు."

మా అమ్మాయి అంతవరకూ వ్యాన్‌లో ఫోన్ చూసుకుంటూ ఉంది. తమ్ముడి అరుపులకి దిగి వచ్చి, మెట్టు దగ్గర బూట్లు విప్పి, లోపలికొచ్చింది. గీతలు చూసింది. వెళ్లి చట్రానికి వీపు ఆనించి నిలబడింది. దాని తల ఆ పన్నెండు గీత కంటే నాలుగు వేళ్లు ఎత్తుంది. చేత్తో తడిమి చూసుకుని నవ్వింది.

"ఐ యామ్ టూ లేట్ నాన్నా" అంది. తమాషాకే అంది. దాని మనసులో ఏమీ లేదు. నేను చూద్దాం అన్నప్పుడు ఈ పిల్ల నా మోచేతి ఎత్తుండేది. అరవై క్యాంపర్ల పొడుగూ వెడల్పూ నాకు నోటికొచ్చు. దీని ఎత్తు అడిగితే చెప్పలేను.

"కొంటే వస్తావా?" అన్నాను.

పైనున్న పడక వైపు ఒకసారి చూసింది. "ఫోన్ ఛార్జ్ అవుతుందా?"

"అవుతుంది."

"ఈ సమ్మర్ వస్తా. నెక్స్ట్ సమ్మర్ కూడా. ఆఫ్టర్ దట్, ప్రామిస్ చెయ్యలేను నాన్నా."

నిజాయితీగా చెప్పింది. రెండు వేసవులు. ఎక్సెల్ షీట్లో వాటికి నేను కాలమ్ పెట్టుకోలేదు. జేబులోంచి పెన్ను తీశాను. పెన్సిలు కాదు, పెన్ను.

"నాన్నా, ఇది ఇంకా మనది కాదు" అంది గాభరాగా. గుమ్మం దగ్గర మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. పెద్దాయన ఏదో అనబోతే పెద్దావిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"కదలకు. మడమలు ఎత్తకు" అన్నాను. దాని తలమీద అరచెయ్యి పెట్టాను. ఆ తలమీద చెయ్యి పెట్టి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. గీత గీయడానికి నా చెయ్యి నా గడ్డం దాకా ఎత్తాల్సి వచ్చింది. గీత వంకరగా వచ్చింది, కళ్లు సరిగ్గా కనిపించక. పక్కన వయసు వెయ్యాలి కదా. దాని ఎత్తు చూసి, ఆ కంగారులో, పద్నాలుగు అని రాయబోయాను.

మా అమ్మాయి తల తిప్పి చూసి నా చెయ్యి పట్టుకుంది.

"పదమూడు నాన్నా" అంది. "ఇంకా పదమూడే."