గంప కింద గుర్తులు

నా చిన్నప్పుడు, కుల్కచర్లలో మా నాయనమ్మ పోయిన రోజు సాయంత్రం, ఆమె పడుకున్న చోట జొన్నపిండి పలచగా పరిచి పెద్ద గంప బోర్లించారు. పక్కన దీపం పెట్టారు. తెల్లారి గంప తీస్తే పిండిలో ఏ ప్రాణి గుర్తులుంటాయో, పోయినవాళ్లు ఆ జన్మ ఎత్తినట్టని మా వైపు నమ్మకం. పిట్ట కాలి గుర్తు పడితే ఇంటిల్లిపాదికీ ఊరట.

నాకు మాత్రం ఆ గంపను చూడాలంటేనే భయం. ఆ రోజు మధ్యాహ్నం నాయనమ్మ నన్ను నీళ్లడిగింది. గచ్చకాయల ఆట మధ్యలో ఉన్నాను, విననట్టే ఊరుకున్నాను. ఆట ముగించి చెంబు పట్టుకెళ్లేసరికి ఆమె ప్రాణం పోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తెల్లారి గంప తీశారు. పిండి నిండా విసనకర్ర ఆనించినట్టు వంపు గుర్తులు, వాటి మధ్య ఏదో ఈడ్చినట్టు ఒక చార. అంచు దగ్గర విడిగా ఇంకో సన్నని గీత, నీళ్ల బిందెల వైపు తిరిగి ఉంది. మా పెదనాన్న చాలాసేపు చూసి, "అవ్వ దూపకు దేకినట్టున్నది" అన్నాడు. దాహంతో నీళ్ల కోసం పాకిందని ఆయన మాట. నేను తలుపు వెనక నక్కాను. అంతలో పక్కన పెట్టిన గంపలోంచి సన్నగా, గొంతు నొక్కినట్టు కీచుమని వినిపించింది. నేను తప్ప గదిలో ఉన్నవాళ్లంతా వాకిట్లోకి ఉరికారు.

పక్కింటి అక్క ఒక్కతే లోపలికి వచ్చింది. ఆమె వికారాబాద్ కాలేజీలో చదివేది. తాండూరులో ఫొటో స్టూడియో నడిపే మేనమామ దగ్గర కెమెరా తెచ్చుకుని పెరట్లో పురుగుల ఫొటోలు తీస్తుంటే, మా వీధంతా నవ్వుకునేది. ఆమె గంప తిప్పింది. లోపల అరచేయంత శలభం, రెక్కల నిండా పిండి. దాని వీపు మీద పుర్రె బొమ్మ! ముట్టుకుంటే మళ్లీ కీచుమంది. నేను ఏడుస్తూ ఆమె చెవిలో నీళ్ల సంగతి చెప్పేశాను.

అక్క ఊరుకోమనలేదు. ముందు పిండికి ఫొటో తీసింది. తర్వాత వాళ్లింట్లో చాట మీద పిండి పరిచి శలభాన్ని వదిలింది. అది రెక్కలు కొట్టుకుంటూ, బరువైన పొట్ట ఈడ్చుకుంటూ నడిచింది. అవే వంపులు, అదే చార. "నువ్వుల చేన్లల్ల ఉంటది గిది, దీపానికి వచ్చి గంప కింద దూరింది" అంది. నన్ను మళ్లీ మా గదికి తీసుకొచ్చి అంచునున్న సన్నని గీత దగ్గర ఆగిపోయింది. మోకాళ్ల మీద వంగి చాలాసేపు చూసింది.

"గిది మాత్రం దేనిదో నాకు తెల్వదు బిడ్డా. నువ్వు నీళ్లియ్యకపోవుడు నిజమే, గదానికి నేనేం జెప్ప. కానీ గా నడుమ చార మాత్రం అవ్వది కాదు."

నీళ్ల సంగతి ఎత్తకుండా పెదనాన్నకూ అదే మాట చెప్పింది. ఆయనకు నచ్చలేదు. ఇంట్లో ఎవరూ ఆ గీతను తుడవడానికి ముందుకు రాలేదు. చివరికి అక్కే చీపురు పట్టింది. ఆ గీతను అన్నిటికన్నా ఆఖరున ఊడ్చింది.

ఇప్పుడు వికారాబాద్‌లో మా డాబా మీద తెల్లబట్ట కట్టి, లైటు పెట్టి, వాలిన శలభాలకు ఫోన్లో ఫొటోలు తీస్తుంటాను. మా వీధి పిల్లలు వాట్సాప్‌లో పురుగుల ఫొటోలు పంపి పేరు అడుగుతారు. తెలిస్తే రాస్తాను. లేకపోతే తెలియదనే రాస్తాను. ఇంత వయసొచ్చి ఇదీ తెలియదా అని వాళ్లకు నవ్వు. ఒక్కోసారి ఏదో ఒక పేరు చెప్పేసి గౌరవం దక్కించుకుందామని నాకూ అనిపిస్తుంది. చేతులు రావు. ఆ రోజు అక్క ఆ గీతను కూడా శలభానికే అంటగట్టి ఉంటే, ఆమె చెప్పిన మిగతా ఏ మాటనూ నేను నమ్మేదాన్ని కాదు.