బీర కాసేదెప్పుడు?

మా వీరబ్రహ్మానికి ఉన్నది ఒక్కటే పిచ్చి. ఇంట్లో బీరు కాచడానికి సరైన డిజిటల్ థర్మామీటరు ఎంచుకోవడం. బీరు కాచడం అనుకునేరు, కాదు. ఎంచుకోవడం వరకే. రెండువేల ఏడులో మొదలుపెట్టి తొమ్మిది దాటేదాకా ఎంచుకుంటూనే ఉన్నాడు. ఆ రోజుల్లో మస్కట్‌లో దొరికే థర్మామీటర్లన్నీ అతని చేతిలో ఒకసారి మునిగి తేలినవే. బీరు మాత్రం చుక్క కారలేదు.

ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. మస్కట్‌లోనే దార్సైట్ అనే పేటలో మేమిద్దరం ఒకే ఫ్లాటులో ఉండేవాళ్లం. పైగా ఆ బీరు కోసం నోరు తెరుచుకుని కూర్చున్న మనిషిని నేనే. నా పేరు జయరాముడు, మాది బొబ్బిలి దగ్గర. కంపెనీలో అకౌంట్లు చూసేవాణ్ణి. వీరబ్రహ్మానిది మైదుకూరు పక్క. అదే కంపెనీలో క్వాంటిటీ సర్వేయరు, అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోడలూ గుంతలూ కొలిచే డ్యూటీ. ఇంటికొచ్చాక కూడా చెయ్యి ఊరుకునేది కాదు.

ఉద్యోగం మానేసి వెళ్లిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజినీరు తన బల్ల ఖాళీ చేస్తూ, బీరు కాచే పద్ధతులున్న పుస్తకం ఒకటి ఇతని చేతిలో పెట్టి పోయాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని అరవై ఆరు, అరవై ఏడు డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచాలట. ఎక్కువైతే ఒక రుచి, తగ్గితే ఇంకో రుచి. ఆ తర్వాత బాగా చల్లార్చి ఈస్టు వెయ్యాలట, తొందరపడి వేడిలో వేస్తే అది చచ్చిపోతుందట. ఇది చదివిన రోజు నుంచీ నాకు ఒకటే కుతూహలం, ఇంట్లో కాచింది ఎలా ఉంటుందో చూడాలని.

"ఇది చెయ్యి పెట్టి చూసే యవ్వారం గాదప్పా. ముందు థర్మామీటరు గావాల" అన్నాడు.

"తర్వాత?"

"తర్వాతది తర్వాత. ముందు థర్మామీటరు."

ఒమన్‌లో ఉంటూ, ఇంట్లో బీరు కాచుకుంటానని మెట్ల మీద నిలబడి చెప్పేవాడు ఎవడూ ఉండడు. అందుకని మాలో మేము 'బీర' అనుకునేవాళ్లం. బయటివాళ్లు వింటే బీరకాయ అనుకోవాలి. "బీర కాసేదెప్పుడు?" అని నేను అడిగేవాణ్ణి. "పందిరి పడనీయప్పా" అనేవాడతను. పందిరంటే థర్మామీటరు.

ఒక శుక్రవారం నన్ను ఘుబ్రాలో ఒక పెద్ద దుకాణానికి వెంటబెట్టుకెళ్లాడు. గాజు బీరువాలో థర్మామీటర్లు వరసగా ఉన్నాయి. మలయాళీ కుర్రాడొకడు నవ్వుతూ వచ్చి, ఏం కొలవడానికని హిందీలో అడిగాడు, పాపం.

"క్యా నాప్‌నా హై సాబ్?"

వీరబ్రహ్మం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సబ్జీ."

"సబ్జీ కే లియే థర్మామీటర్?"

"హమారే కడప మే ఐసాయిచ్ హోతా."

కూరను డిగ్రీలతో కొలిచే కడప వంటల మీద ఆ అబ్బాయికి భయంతో కూడిన గౌరవం కలిగినట్టుంది, వెంటనే ఒకటి తీసిచ్చాడు. ఇతను పక్కనున్న జ్యూసు కొట్టుకెళ్లి గ్లాసు నిండా ఐసుముక్కలు తెచ్చి, కాసిని నీళ్లు పోసి, థర్మామీటరు కడ్డీని అందులో ముంచి నిలబడ్డాడు. ఐసు నీళ్లలో సున్నా చూపించాలి, అది మొదటి పరీక్ష. రెండోది, ఆ సున్నా చూపడానికి ఎంతసేపు తీసుకుందో చూడటం. "నిదానంగా చెప్పేదాన్తో ఏం లాభం? అది చెప్పేలోపల బార్లీ ఉడికిపాయ" అన్నాడు. కడ్డీ పొట్టిగా ఉంటే గిన్నె అడుగుకు అందదు. డబ్బాలోకి ఆవిరి దూరితే అంకెలు చెరిగిపోతాయి. పట్టుకుని నిలబడగానే బ్యాటరీ మిగిల్చుకుందామని నిద్రపోయే రకమైతే అసలే పనికిరాదు. ఇవన్నీ చెప్పి, వేడి పరీక్షకు ఇంకేమీ దొరక్క, ఆ అబ్బాయి తాగుతున్న టీలో ముంచాడు. వాడు ఆ టీ మళ్లీ ముట్టుకోలేదు. మాతో మలయాళంలో ఏదో అన్నాడు గానీ, మాకు అర్థం కాకపోవడమే మంచిదైంది.

ఇక ఇంట్లో నా బతుకు చెప్పుకోవాలి. చారు పొయ్యి మీద ఉంటే చారులో, నేను మొహం కడుక్కోబోతే మగ్గులో, ఎక్కడ పడితే అక్కడ ఆ కడ్డీ. ఎండాకాలం మస్కట్‌లో చన్నీళ్ల కుళాయి తిప్పితే మరిగే నీళ్లొస్తాయి. గీజరు ఆపేసి, అందులో నిలవున్న నీళ్లతోనే చన్నీళ్ల స్నానం చేస్తాం. ఆ రెండింటికీ తేడా ఎంతో చూసేదాకా నన్ను బాత్రూములోకి వెళ్లనిచ్చేవాడు కాదు.

ఒకసారి మామిడిపళ్లు ఎక్కువ తిని, "ఒంట్లో వేడి చేసిందిరా" అన్నాను.

"ఎంత?" అన్నాడు.

"ఎంతేమిటి? వేడి చేసింది."

చంకలో కడ్డీ పెట్టి చూసి, "సరిగ్గానే ఉండాది. వేడీ లేదు, ఏమీ లేదు. అబద్ధాలు సెప్పి మజ్జిగ ఒక్కనివే తాగాలని చూస్తాండావు" అన్నాడు. మజ్జిగలోనూ ముంచాడు.

ఇంత చేసి, కొన్నదాన్ని పట్టుమని పది రోజులు కూడా ఉంచుకునేవాడు కాదు. ఏదో ఒక వంక పెట్టి తీసేసేవాడు. మొదటిది మా మూడో అంతస్తుకు పోయింది. అక్కడ ఒక గుజరాతీవాళ్లింట్లో రామలక్ష్మి అని గోదావరి జిల్లా ఆవిడ పనిచేసేది, పసిబిడ్డను చూసుకోవడం ఆవిడ పని. ఒకరోజు మెట్ల దగ్గర కళ్లు తుడుచుకుంటూ కనిపించింది.

"ఏమైందమ్మా?" అన్నాడు వీరబ్రహ్మం.

"పాలు గున్‌గునాగా ఉండాలంటారండి మేడమ్‌గారు. అంటే మన గోరువెచ్చేనండి. ఆవిడ గోరువెచ్చ నాకు వేడండి, నా గోరువెచ్చ ఆవిడకి చల్లారిపోయినట్టండి. రోజూ మాట పడతన్నానండి అన్నయ్యగారూ."

వీరబ్రహ్మం మొహం వెలిగిపోయింది. గోరువెచ్చ ఎంత? ఈ ప్రశ్న ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదా అన్నట్టు చూశాడు. మేడమ్‌గారు బాగున్నాయన్న పాలలో ముంచి చూడమన్నాడు. ముప్పై ఏడు వచ్చింది.

"ఇంగ ఆ అంకె వస్తే ఇచ్చెయ్. ఇది నువ్వే పెట్టుకోమ్మా, నాకు బీరకాయకు పనికిరాదు. ఒకటిన్నర డిగ్రీ తప్పు చూపిస్తాది."

"తప్పు చూపించేది నాకెందుకండి?"

"పాలకు ఆ మాత్రం చాలు."

మర్నాడు ఆవిడ సంచి నిండా బీరకాయలు తెచ్చింది. "మీకు బీరకాయంటే ప్రాణమంట కదండీ, ఇద్దరూ ఎప్పుడూ అదే మాటంట. మావాళ్లు తెప్పిస్తారు గానీ తినరండి." అప్పటి నుంచీ వారం వారం సంచి వస్తూనే ఉంది. బీరకాయ పచ్చడి, పాలు పోసిన బీరకాయ కూర, బీరపొట్టు వేపుడు. నేను అడిగింది ఒక బీర, నాకు దొరుకుతున్నది ఇంకో బీర.

తర్వాత కొన్నది అలారం కర్ణకఠోరంగా ఉందని కింద బేకరీ వాడి పిండికి పోయింది. ఇంకొకటి కడ్డీ వంకరగా ఉందని ఎదురింటి టీచరుగారి చేపల తొట్టికి పోయింది. అది నా కంటికి ఇస్త్రీ చేసినట్టు తిన్నగా కనపడింది. నాకు ఒళ్లు మండేది.

"ఒరే, బొబ్బిలిలో సారా కాచేవాళ్లు ఏ థర్మామీటరు చూసి కాచార్రా? వేలు పెట్టి కాచారు."

"అందుకే అట్లుంటాది."

ఇలా సాగుతుండగా మొయినుద్దీన్ భాయ్ సంగతి వచ్చింది. ఆయనది నిజామాబాదు. మా కంపెనీ నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. పొద్దున్నే సమాయిల్ సైటుకు బయలుదేరితే సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. షుగరు మనిషి. ఇన్సులిన్ సీసాను స్టీలు టిఫిను డబ్బాలో ఐసుముక్కల మధ్య పెట్టుకుని ట్యాంకరులో తిప్పేవాడు. సూది ఒక్క పూట తప్పేవాడు కాదు, అయినా షుగరు దిగేది కాదు. కంపెనీ డాక్టరు ఈసారి తెగేసి చెప్పాడు. వచ్చే మెడికల్ పరీక్షకు తగ్గకపోతే పెద్ద బండి నడపనివ్వరు. ఆ బండే ఆయన అన్నం. ఊళ్లో ఇంటెడు మంది ఆ స్టీరింగు మీదే ఆధారపడి ఉన్నారు.

"సూదులు బరాబర్ ఏస్కుంటున్న సాబ్. ఇంక నేనేం జెయ్యాలె?" అన్నాడాయన మా గుమ్మం దగ్గర నిలబడి.

"డబ్బాలో ఎంత?" అన్నాడు వీరబ్రహ్మం.

"ఏంది ఎంత?"

"లోపల చల్లదనం ఎంత?"

"సల్లగనే ఉంటది. పొద్దుగాల ఐస్, మధ్యాహ్నం నీళ్లు."

వీరబ్రహ్మం రెండు రోజుల తర్వాత ఒక థర్మామీటరు తెచ్చాడు. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. అంకెల పలక బయట ఉంటుంది, సన్నటి తీగ చివర ముక్క లోపల పడుంటుంది. వేడి హద్దు దాటినా, గడ్డకట్టేంత చల్లబడినా కూత పెడుతుంది. మూత తియ్యకుండానే లోపలి సంగతి చెబుతుంది. ఘుబ్రా దుకాణంలో అతను ఏకరువు పెట్టిన గుణాలన్నీ అందులో ఉన్నాయి. నా గుండె పొంగిపోయింది. ఇంక వంక పెట్టడానికి చోటే లేదు. బార్లీ ఎక్కడ దొరుకుతుందో వాకబు చేసి కూడా వచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం మొయిన్ భాయ్‌ని భోజనానికి పిలిచాడు. రామలక్ష్మి ఎప్పటిలాగే బీరకాయల సంచితో దిగింది. తిన్నాక వీరబ్రహ్మం ఆ థర్మామీటరు తీసి బల్ల మీద పెట్టాడు.

"భాయ్, ఇది తీసకపో. నాకు బీరకాయకు పనికిరాలేదు. తీగ మరీ పొడుగైపాయ."

నేను చేతిలో గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టాను.

మొయిన్ భాయ్ గడ్డం నిమురుకుని నవ్వాడు. "బీరకాయ కాదు సాబ్, బీర్ అని బిల్డింగుల అందరికి ఎర్కే."

"నాకు తెలీదండి!" అంది రామలక్ష్మి, సంచి వైపు చూసుకుంటూ.

"బీర్‌ల ముంచినదాన్ని తీస్కపోయి నా దవా డబ్బాల పెట్టుకోవాల్నా? తౌబా తౌబా. నక్కో సాబ్."

"ముంచలేదు భాయ్."

"కసమ్?"

"మా అమ్మ మీద ఒట్టు. చుక్క తగల్లేదు." వీరబ్రహ్మం నా వైపు ఒకసారి చూసి తలొంచుకున్నాడు. "తగిలేదానికి బీరే లేదు. యాడా లేదు. కాయాలని మొదట్లో అనుకున్యా గానీ, వాసనకే నాకు తల తిరుగుతాది."

నేను లేచి నిలబడ్డాను. "మరి ఇన్ని థర్మామీటర్లెందుకురా?"

"కొత్తది కొనిస్తానంటే ఎవురు తీసుకుంటారప్పా? పనికిరాదని పారేసేదైతే తీసుకుంటారు."

రామలక్ష్మి పైకి పరిగెత్తి, ఒకటిన్నర డిగ్రీ తప్పు చూపించే తన థర్మామీటరు తెచ్చింది. దాన్నీ, కొత్తదాన్నీ కలిపి ఐసు నీళ్లలో ముంచాం. రెండూ సున్నా దగ్గర ఆగాయి. రెండేళ్లుగా ఈ మనిషి పక్క మంచం మీదే పడుకుంటూ నేను చూసింది అంకెలే తప్ప అతన్ని కాదు. వాణ్ణి కావలించుకోవాలనిపించింది, నెత్తిన ఒకటి మొట్టాలని కూడా అనిపించింది.

కానీ మొయిన్ భాయ్ మొహం మారిపోయింది. వెంట తెచ్చుకున్న మందు డబ్బా చంకన పెట్టుకుని లేచాడు. "అంటే నాకు ఖైరాత్ ఇస్తున్నవా సాబ్? నేను కమాయించి తినేటోణ్ణి. మాఫ్ జెయ్యి."

బీరుదంటే పాపమంటాడు, కాదంటే దానమంటాడు. వీరబ్రహ్మం దగ్గర మూడో అబద్ధం లేదు. ఆ పెద్దమనిషి గడప దాటితే మళ్లీ ఆ ఎండలో ఆ సీసా, ఆ మెడికలు. వీరబ్రహ్మం అయితే మొదటిసారి "ఎంత?" అని అడగడం కూడా మర్చిపోయాడు.

"అన్నయ్యగారూ, కూర్చోండి ముందు" అంది రామలక్ష్మి, మొయిన్ భాయ్ దారికి అడ్డంగా నిలబడి. "మా మేడమ్‌గారు వచ్చే వారం నుంచీ బీరకాయలు మానిపించేస్తన్నారండి. ఈ ఇంట్లో బీరకాయ లేపోతే ఎలాగండి? సమాయిల్లో తోటలున్నాయి కదండీ. మీరే లేతవి చూసి తేవాలండి. ఆ ఎండకి దారిలో వడిలిపోతాయి కాబట్టి డబ్బాలో చల్లదనం ఎంతుందో ఇందులో చూసుకుంటా తేవాలండి. మీ మందు కూడా ఆ పక్కనే ఓ మూల పడుంటాదండి. మీకేం దానం చెయ్యట్లేదండి, పని చెప్తన్నామండి."

మొయిన్ భాయ్ ఆవిణ్ణి చూశాడు. వీరబ్రహ్మాన్ని చూశాడు. మీసాల్లో నవ్వు కదిలింది.

"బీరకాయనా?"

"బీరకాయేనండి. ఒట్టు."

"బీర్ కాదు గదా?"

"భాయ్, ఈ ఇంట్లో అదెక్కడ దొరుకుతుంది?" అన్నాను ఏడుపు గొంతుతో. అది మాత్రం నటన కాదు.

"బీరకాయకైతే హలాలే" అని థర్మామీటరు జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత తెలిసింది, డబ్బాలో మందు పొద్దున ఐసుకు తగిలి గడ్డకడుతోందనీ, మధ్యాహ్నానికి కాగుతోందనీ, అందుకే దాని గుణం పోయి షుగరు దిగడం లేదనీ. చిన్న డబ్బా పోయి పెద్ద ఐసుపెట్టె వచ్చింది, సీసాకు గుడ్డ చుట్టడం వచ్చింది. రోజూ మధ్యాహ్నం ఆఫీసుకు సమాయిల్ నుంచి ఫోను. "సాబ్, డబ్బాల ఐదు. బీరకాయలు ఖుష్." తర్వాతి మెడికల్లో షుగరు దిగింది, స్టీరింగు నిలిచింది. ఆ సంతోషంలో ఆయన సమాయిల్ తోటల్లో కాసిన బీరకాయలన్నీ మా ఇంటికే తోలాడు.

ఆ రోజు కంచంలో మళ్లీ అదే కూర చూసి, ఉండబట్టలేక అడిగాను.

"అది సరే గానీ, బీర కాసేదెప్పుడురా?"

వీరబ్రహ్మం కూర గిన్నెలో కడ్డీ ముంచి, అంకె చూసి, తృప్తిగా నా వైపు జరిపాడు.

"కాస్తానే ఉండాది గదప్పా. తిను."