వరండా పిన్ని ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు

ఆఫీసులో అందరికీ ఆవిడ వరండా పిన్ని. రెండో అంతస్తులో ఇంటర్వ్యూ గది తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళని వరసగా పేరు పెట్టి పిలిచి లోపలికి పంపడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కాగితాల మీద అంతే ఉంటుంది. ఆవిడ లెక్కలో మాత్రం ఆ కంపెనీలో సగానికి సగం మందికి ఉద్యోగాలిచ్చింది తనే. లోపల కూర్చున్న పెద్దలు సంతకాలు పెట్టారంతే.

అలా అనుకోవడానికి ఆవిడకి ఆధారాలు లేకపోలేదు. బెంచీ మీద కూర్చున్నవాడు కాళ్ళు ఊపే తీరు చూసి, లోపల వాడేం తప్పు చేస్తాడో చెప్పేసేది. "బాబూ, ఇలా రా," అని పిలిచి, కొత్త చొక్కా కాలరు కింద ఉండిపోయిన అట్టముక్క లాగేసేది. పాత యజమానిని తిట్టిపోయడానికి సిద్ధమై వచ్చినవాణ్ణి పసిగట్టి, "అక్కడివాళ్ళని ఆడిపోసుకోకు నాయనా, రేపు మమ్మల్నీ ఇలాగే అంటాడనుకుంటారు," అని హెచ్చరించేది. ప్రశ్న పూర్తవకుండా జవాబు మొదలెట్టకు. అర్థం కాకపోతే మళ్ళీ అడుగు, ఊరికే తలూపకు. తప్పు ఎవరిదైనా ఇంకొకళ్ళ మీదకి నెట్టకు. అన్నిటికంటే ముఖ్యంగా, సొంత గోడు వెళ్ళబోసుకోకు, ఉద్యోగం జాలిపడి ఇచ్చేది కాదు. ఈ చివరిదంటే ఆవిడకి మహా ముచ్చట. ఎవరూ అడక్కపోయినా చెప్పేది.

ఇవన్నీ ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు. లోపల పాడుచేసుకుని వచ్చినవాళ్ళు ఆవిడ స్టూలు దగ్గర ఆగి, ఏమడిగారో తామేమన్నారో పూసగుచ్చినట్టు చెప్పి మరీ వెళ్ళేవారు. బాగా చేసినవాళ్ళు ఆగేవారు కాదు, రెండేసి మెట్లు చొప్పున దిగిపోయేవారు. అంచేత తప్పులన్నీ ఆవిడకి కొట్టినపిండి. ఒప్పు ఎలా ఉంటుందో చూసే యోగం మాత్రం పట్టలేదు. పట్టలేదన్న సంగతి ఆవిడకి తోచనూ లేదు.

ఇలా సాగుతుండగా నోటీసు బోర్డు మీద ఓ కాగితం అంటించారు. కాంట్రాక్టు పోస్టులన్నీ తీసేస్తున్నారు. వచ్చేపోయేవాళ్ళని చూసుకోవడానికి పర్మనెంటు ఉద్యోగం ఒక్కటే ఉంటుంది. ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఎంపిక ఇంటర్వ్యూ ద్వారా. ఇరవై రెండేళ్ళూ పిన్ని కాంట్రాక్టు మీదే పనిచేసింది. ఆ కాగితం అంటించింది కూడా పిన్నే. నాలుగో మూల గమ్ము రాస్తుండగా విషయం బుర్రకెక్కి, చెయ్యి అక్కడే ఆగిపోయింది.

భర్త పోయిన దగ్గర్నుంచి ఆవిడ తమ్ముడి ఇంట్లో ఉంటోంది. తమ్ముడు మంచివాడు, మరదలు అంతకంటే మంచిది. ఇద్దరూ కలిసి ఆవిడని ఏ పనీ ముట్టుకోనివ్వరు. ఏ గిన్నె ఏ అరలో ఉండాలో కూడా ఆ ఇంట్లో ఆవిడని అడిగేవాళ్ళు లేరు. ఆఫీసు వరండాలోనైతే రోజుకి పాతికమంది అడుగుతారు. ఆ స్టూలు కాస్తా పోతే, తన మాట కోసం మొహంకేసి చూసే మనిషి ఇంక ఉండడు. ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకి నిజంగానే గుండె జారిపోయింది.

అయితే ఇంటర్వ్యూ గురించి బెంగెందుకు? లోకానికంతటికీ నేర్పిన మనిషి. ఎందుకైనా మంచిదని పొద్దున్నపూట తమ్ముణ్ణి ఇంటర్వ్యూ బోర్డుకి ఛైర్మన్ చేసి సాధన మొదలెట్టింది. తమ్ముడు గడ్డం గీసుకుంటూనే ప్రశ్నలడిగేవాడు.

"మీలో ఉన్న లోపం ఏమిటి?"

"నన్ను చెప్పమంటారా వదినా?" అంది మరదలు వంటింట్లోంచి.

"నిన్నెవరూ అడగలేదు. నువ్వు బోర్డులో లేవు," అన్నాడు తమ్ముడు నురగ మొహంతో.

ఎవర్నైనా బోల్తా కొట్టించే ప్రశ్న అదేనని పిన్నికి తెలుసు. నాకు లోపాలే లేవంటే పొగరంటారు, ఉన్నది ఉన్నట్టు చెబితే వద్దు పొమ్మంటారు. ఎనిమిది రోజులు ఆ ఒక్క జవాబునే చెక్కింది. చివరికిలా తేలింది: "ఎవరైనా ఎదురుచూస్తూ కూర్చుంటే నాకు మనసు నిలవదండీ. ముందు వాళ్ళ సంగతి చూస్తే గానీ నా సంగతి చూసుకోలేను. అదే నా లోపం." తమ్ముడు రేజరు పక్కన పెట్టి, "అక్కా, ఇదొక్కటి చాలు," అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. సెలవు పెట్టుకోమని పిన్నికి ఎవరూ చెప్పలేదు, ఆవిడకీ తట్టలేదు. పెడితే జనాన్ని లోపలికి పంపేదెవరు? వచ్చినవాళ్ళు ఇద్దరే. పొట్టి జుట్టు అమ్మాయి ఒకతె, నడివయసు కళ్ళజోడాయన ఒకడు. జాబితాలో మూడో పేరు పిన్నిది. ఇవాళ మాత్రం నోరు విప్పేది లేదని ఆవిడ గట్టిగా ఒట్టు పెట్టుకుంది. పోటీకి వచ్చినవాళ్ళకి పాఠం చెప్పేంత వెర్రిదా తను?

ఒట్టు ఇరవై నిమిషాలు నిలిచింది. పొట్టి జుట్టు అమ్మాయి కళ్ళు మూసుకుని గొణుక్కుంటోంది: "నాకు కోపం ఎక్కువండీ, కానీ నా కోపం పాలపొంగులాంటిది..." వచ్చేపోయేవాళ్ళని పలకరించే ఉద్యోగానికి వచ్చి కోపం ఎక్కువంటుందా! పిన్ని గోడ గడియారంకేసి చూసింది. కిటికీలోంచి బయటికి చూసింది. స్టూలు రెండంగుళాలు అటు జరుపుకుంది. ఏదీ పనిచెయ్యలేదు.

"అమ్మాయ్, ఆ మాట లోపల అనకు."

"మరేం అనమంటారండీ? నాకు ఇంకేం తోచట్లేదు. ఇప్పటికి నాలుగుచోట్ల పోయింది. ఇంట్లో మొహం చూపించలేకపోతున్నాను," అంది ఆ పిల్ల. అప్పటికే కళ్ళనిండా నీళ్ళు.

పిన్ని పెదాలు బిగించింది. బిగించిన పెదాల్లోంచే ఎనిమిది రోజుల కష్టం బయటికొచ్చేసింది. "ఇలా చెప్పు," అని మొదలుపెట్టి, ఎక్కడ ఆగాలో ఎక్కడ నవ్వాలో కూడా చెప్పింది. ఎలాగూ ఈ పిల్ల తడబడుతుంది, సగం మర్చిపోతుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. పక్కన కళ్ళజోడాయన పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడే గానీ, చాలాసేపటినుంచి పేజీ తిప్పలేదు.

అమ్మాయి వెళ్ళొచ్చింది. కళ్ళజోడాయన వెళ్ళొచ్చాడు. మూడోసారి గంట మోగింది. పిన్ని అలవాటు ప్రకారం జాబితా చూసి, ఆఖరి పేరు వరండా అంతా వినబడేలా పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది.

"ఆవిడ వచ్చారా లేదా?" అన్నాడు లోపల్నుంచి పెద్దసారు.

"వచ్చాను సార్, నేనే," అంటూ పిన్ని కొంగు సర్దుకుని లోపలికెళ్ళింది.

బోర్డులో ముగ్గురున్నారు. పెద్దసారు, పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారిణి, యువ మేనేజరు. పిన్ని కుర్చీలో నిటారుగా కూర్చుంది. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగింది. జవాబులు పొట్టిగా, వినయంగా చెప్పింది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. కలికం వేసి వెతికినా తప్పు దొరకని ఇంటర్వ్యూ అది.

"ఇరవై రెండేళ్ళు ఆ తలుపు దగ్గర కూర్చున్నారు కదా," అంది అధికారిణి కాస్త ముందుకు వంగి. "ఏమేం చూశారో చెప్పండి."

పిన్నికి ఎన్నో గుర్తొచ్చాయి. వానకి తడిసిపోయిన ఒకడి సర్టిఫికెట్లు ఫ్యాను కింద ఆరబెట్టి, అవి ఆరేదాకా వాడి వంతు వెనక్కి జరపడం. ఉద్యోగం రాలేదని తెలిశాక తన స్టూలు మీద అరగంట కూర్చుండిపోయిన పెద్దాయన. నోటిదాకా వచ్చాయన్నీ. కానీ సొంత గోడు వెళ్ళబోసుకోకూడదు కదా! మింగేసింది.

"క్రమశిక్షణ, సమయపాలన చూశానండీ," అంది.

అధికారిణి పెన్నుకి క్యాపు పెట్టేసింది.

"సరే, మీ లోపం ఏమిటి?" అడిగాడు పెద్దసారు.

పిన్ని ఊపిరి పీల్చుకుని తన జవాబు చెప్పింది. ఆగాల్సిన చోట ఆగింది, నవ్వాల్సిన చోట నవ్వింది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దసారు నవ్వాపుకోలేకపోయాడు.

"పొద్దుటినుంచి ఇది మూడోసారి. ఎక్కడ నేర్పిస్తున్నారండీ దీన్ని?"

అది నాది సార్ అనడానికి ఒక్క క్షణం చాలు. కానీ అంటే మిగతా ఇద్దరి మీదకి నెట్టినట్టవుతుంది. అదీ తప్పే, ఆవిడ జాబితా ప్రకారం. పిన్ని చేతులు జోడించి బయటికొచ్చింది.

సాయంత్రం యువ మేనేజరు వరండాలోకి వచ్చి స్టూలు పక్కన నిలబడ్డాడు. మనిషి మెతక, ఎలా చెప్పాలో తెలియక చొక్కా బొత్తాం తిప్పుతున్నాడు.

"ఏమనుకోకండి పిన్నిగారూ. మీరు ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. కానీ అన్నీ ఎవరో నేర్పినట్టున్నాయి. ఆ అమ్మాయి చూడండి, తడబడింది, నీళ్ళ గ్లాసు పడేసింది. అయినా ఒక్క మాట చెప్పిందండీ, పెద్దసారు కదిలిపోయారు. 'ఎవరైనా ఎదురుచూస్తూ కూర్చుంటే నాకు మనసు నిలవదు' అంది, మీ ఇద్దరికంటే ముందే. మనసులో ఉంటే తప్ప నోటికి రాదు కదా అలాంటి మాట!"

పిన్నికి ఒళ్ళు మండింది. ఏడుపొచ్చింది. ఆ రెండిటి అడుగున, సిగ్గులేకుండా, కాస్త గర్వం కూడా కలిగింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. మేనేజరు భుజం మీదుగా బెంచీ కనబడింది. దాని చివర ఆ పొట్టి జుట్టు అమ్మాయి, ఫైలు గుండెకి అదుముకుని, వీళ్ళిద్దరి పెదాలకేసే చూస్తూ కూర్చుంది.

"ముందు ఆ పిల్లకి చెప్పండి బాబూ," అంది పిన్ని. "పొద్దుటినుంచి ఎదురుచూస్తోంది."

ఇంటికి చేరేసరికి మరదలు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమైంది వదినా? ఉద్యోగం వచ్చిందా?"

"వచ్చిందమ్మా," అంది పిన్ని, చెప్పులు విప్పుతూ. "నా జవాబుకి వచ్చింది. నాకు రాలేదు."